ప్రయోగశాలలోని కోకో, చేతిలోని చాక్లెట్

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నాకు అప్పగించిన అంశం, పెద్దవయసు వారిలో చాక్లెట్ వాడకానికీ జీవక్రియ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం. నిర్వాహకులు నన్ను పిలిచినప్పుడే, చాక్లెట్ మంచిదో చెడ్డదో చివర్లో ఒక్క మాటలో తేల్చి చెప్పమని కూడా కోరారు. అది నా వల్ల అయ్యే పని కాదని వారికి అప్పుడే మనవి చేసుకున్నాను. చాక్లెట్ అనే ఒక్క పేరు కింద మనం రెండు వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుకుంటున్నాం. ఒకటి, పరిశోధకులు మిల్లీగ్రాముల లెక్కన కొలిచి, గుళికల్లో నింపి, ఏళ్ల తరబడి మనుషుల చేత మింగించిన కోకో సారం. రెండోది, మనం కాగితం విప్పి తినే చాక్లెట్. మొదటిదాని మీద వచ్చిన ఫలితాలను రెండోదాని ఖాతాలో జమ కట్టడమే ఈ విషయంలో ఉన్న గందరగోళానికంతటికీ మూలమని నా అభిప్రాయం. ఈ గంటసేపూ నేను చేయబోయేదల్లా ఆ రెండు ఖాతాలనూ విడదీసి చూపించడమే.

ముందుగా జీవక్రియ ఆరోగ్యం అన్న మాటను నేను ఏ అర్థంలో వాడుతున్నానో చెప్పాలి. వైద్యులు దీన్ని సాధారణంగా ఐదు కొలతలతో చూస్తారు. నడుము చుట్టుకొలత, రక్తపోటు, పరగడుపున రక్తంలో గ్లూకోజు, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వు, మంచి కొలెస్ట్రాల్ అని మనం పిలుచుకునే హెచ్‌డీఎల్. డెసిలీటరు రక్తానికి పరగడుపు గ్లూకోజు 100 మిల్లీగ్రాములు, ట్రైగ్లిజరైడ్లు 150 మిల్లీగ్రాములు, రక్తపోటు 130/85, ఇవి దాటకూడని గీతలు. ఐదింటిలో ఏ మూడు గాడి తప్పినా దానిని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. ఈ ఐదింటి వెనకా ఎక్కువగా కనిపించేది ఇన్సులిన్ నిరోధకత, అంటే ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టినా కండరాలూ కాలేయమూ సరిగ్గా పలకకపోవడం. కాబట్టి మన ప్రశ్న ఇది: చాక్లెట్ తినడం వల్ల ఈ కొలతల్లో ఏది, ఎంత, ఎటువైపు కదులుతుంది?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో కన్నా ముందు ఒక మనిషి రూపంలో ఎదురైంది. యాభై దాటిన ఒకాయన, చక్కెర వ్యాధి గడప దగ్గర ఉన్నవారు, మూడు నెలల తర్వాత పరీక్షల కాగితాలతో వచ్చారు. బరువు రెండు కిలోలు పెరిగింది, ట్రైగ్లిజరైడ్లు పెరిగాయి. ఆహారంలో ఏం మార్చారని అడిగితే ఏమీ మార్చలేదన్నారు. కాస్త ఆగి, కొంచెం గర్వంగానే, 'ఒక్క మంచి అలవాటు మాత్రం చేసుకున్నాను, రాత్రి భోజనం కాగానే డార్క్ చాక్లెట్ తింటున్నాను, ఇన్సులిన్ బాగా పనిచేస్తుందని చదివాను' అన్నారు. ఎంత తింటున్నారని అడిగితే జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా బల్ల మీద పరిచారు. వంద గ్రాముల బిళ్ల, 70 శాతం కోకో. అందులో రోజుకు సగం.

ఆ కాగితాన్ని ఇద్దరం కలిసి చదివాం. ఈ రోజు మీతో కూడా చదివిస్తాను, ఎందుకంటే దాని మీద ఉన్నవీ లేనివీ రెండూ మనకు కావాలి. ఈ రకం చాక్లెట్ వంద గ్రాములకు దాదాపు 600 కిలోక్యాలరీలు. అంటే ఆయన రోజూ తింటున్న సగం బిళ్లలో 300. కొవ్వు 21 గ్రాములు, అందులో సంతృప్త కొవ్వు 12 గ్రాములు. చక్కెర 12 గ్రాములు. రోజుకు 2000 కిలోక్యాలరీలు తినే మనిషికి సంతృప్త కొవ్వు మొత్తం శక్తిలో పదో వంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అది సుమారు 22 గ్రాములు. ఆయన భోజనం అయిపోయాక, మిగతా రోజంతటి తిండీ యథాతథంగా ఉండగానే, ఆ పరిమితిలో సగానికి పైగా చాక్లెట్ రూపంలో అదనంగా చేరుస్తున్నారు. తొంభై రోజులు, రోజుకు 300 చొప్పున, 27,000 కిలోక్యాలరీలు. రెండు కిలోల బరువుకు వేరే సంజాయిషీ వెతకనక్కరలేదు.

ఇక ఆ కాగితం మీద లేనిదేమిటో చూద్దాం. ఏ పదార్థం కోసమైతే ఆయన ఆ చాక్లెట్‌ను మందులా తింటున్నారో, కోకో గింజలో సహజంగా ఉండే ఆ ఫ్లావనాల్స్ అనే పదార్థాలు ఎన్ని మిల్లీగ్రాములున్నాయో దాని మీద ఎక్కడా లేదు. 70 శాతం అన్న అంకె ఫ్లావనాల్స్‌ది కాదు. అది కోకో గింజ నుంచి వచ్చిన ఘన పదార్థం, కోకో వెన్న రెండూ కలిపిన మొత్తం. ఒకే 70 శాతం రాసి ఉన్న రెండు బిళ్లల్లో ఒకదానిలో వెన్న వాటా ఎక్కువ, మరొకదానిలో పొడి వాటా ఎక్కువ ఉండవచ్చు. ఒకదానిలో ఫ్లావనాల్స్ నిండుగా ఉండవచ్చు, ఇంకొకదానిలో దాదాపు హరించుకుపోయి ఉండవచ్చు. ఆ శాతాన్ని చూసి మీరు నిశ్చయంగా చెప్పగలిగేది ఒక్కటే, మిగిలిన 30 శాతంలో ఎక్కువ భాగం చక్కెర అని.

ఫ్లావనాల్స్ ఎందుకు హరించుకుపోతాయన్నది చాక్లెట్ తయారీలోని అసలు విచిత్రం. కాయ పగలగొట్టినప్పుడు లోపలి గింజ వగరుగా, చేదుగా, నోట పెట్టుకోలేనట్టు ఉంటుంది. ఆ వగరు చాలావరకు ఫ్లావనాల్స్‌దే. గింజలను కొన్ని రోజులు పులియబెడతారు, ఎండబెడతారు, వేయిస్తారు. మనం చాక్లెట్ వాసన అనుకునేదంతా పులియడంలోనూ వేయించడంలోనూ పుడుతుంది, ఫ్లావనాల్స్‌లో పెద్ద భాగం కూడా అక్కడే పోతుంది. ఆ తర్వాత క్షార ప్రక్రియ ఒకటి ఉంది. 1828లో నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ కుటుంబం కోకో నుంచి వెన్నను పిండి తీసే యంత్రానికి హక్కులు పొందింది, కోకో పొడిని క్షారంతో శుద్ధి చేసి రంగు ముదిరేలా, చేదు తగ్గేలా, పాలల్లో నీళ్లల్లో తేలిగ్గా కలిసేలా చేసే పద్ధతి కూడా వారి పేరు మీదనే ప్రచారంలోకి వచ్చింది. సహజ కోకో పొడిలో గ్రాముకు దాదాపు 35 మిల్లీగ్రాములుండే ఫ్లావనాల్స్, గట్టిగా క్షార ప్రక్రియ చేసిన పొడిలో 4 మిల్లీగ్రాముల దగ్గరికి పడిపోయినట్టు 2008లో ప్రచురితమైన ఒక కొలత చెబుతుంది. నల్లగా నిగనిగలాడే పొడిని చూసి ఇదే అసలైన కోకో అనుకుంటాం. ఆ నలుపు చాలాసార్లు పోగొట్టుకున్న దానికి గుర్తు. రెండు శతాబ్దాలుగా మనుషులు రుచి కోసం ఓపికగా తీసేస్తూ వచ్చిన పదార్థాన్నే, ఇప్పుడు ఆరోగ్యం కోసం అదే చాక్లెట్‌లో వెతుక్కుంటున్నాం.

ఆ ఫ్లావనాల్స్‌కు నిజంగా శక్తి లేదా అంటే, ఉంది. వాటిలో ముఖ్యమైనది ఎపికాటెచిన్. మన రక్తనాళాల లోపలి పొర, ఎండోథీలియం అంటాం, నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారు చేస్తుంది. ఆ వాయువు తగలగానే నాళం గోడలోని కండరం సడలి, నాళం వెడల్పవుతుంది. ఇంత చిన్న వాయువు శరీరంలో సందేశవాహకమని కనుగొన్నందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఎపికాటెచిన్ అందినప్పుడు ఈ నైట్రిక్ ఆక్సైడ్ లభ్యత పెరిగి, చేతి రక్తనాళం సాగే గుణం మెరుగవడాన్ని కొద్ది గంటల్లోనే యంత్రంతో కొలవవచ్చు. ఇది రక్తపోటుకు సంబంధించిన సంగతిలా కనిపించినా చక్కెరకూ సంబంధం ఉంది. కండరంలోని సన్నని నాళాలు తెరుచుకుంటేనే ఇన్సులిన్, గ్లూకోజు రెండూ కండర కణాల వరకు చేరతాయి. దారి ఇరుకైతే ఇన్సులిన్ ఎంత ఉన్నా గుమ్మం దాకా రాదు.

2005లో ఇటలీలోని లాకిలాలో గ్రాసి బృందం ఆరోగ్యవంతులైన 15 మందికి పదిహేను రోజులు రోజూ 100 గ్రాముల డార్క్ చాక్లెట్, మరో పదిహేను రోజులు 90 గ్రాముల వైట్ చాక్లెట్ ఇచ్చి చూసింది. వైట్ చాక్లెట్‌లో కోకో వెన్న ఉంటుంది, ఫ్లావనాల్స్ ఉండవు, కాబట్టి పోలికకు పనికొస్తుంది. డార్క్ చాక్లెట్ తిన్న రోజుల్లో ఇన్సులిన్ పట్ల శరీరం స్పందన మెరుగైంది, రక్తపోటు కొంచెం తగ్గింది. నా దగ్గరికి వచ్చిన ఆయన చదివిన వార్త ఏ దారిన వచ్చినా, మూలం ఇటువంటి ప్రయోగమే అయి ఉంటుంది. అయితే పదిహేను మంది, పదిహేను రోజులు, పైగా ఆరోగ్యవంతులు. ఇందులో పాల్గొన్నవారికి తాము తింటున్నది నల్లదో తెల్లదో కళ్లారా తెలుసు. మందుల ప్రయోగాల్లో అసలు మాత్రనూ ఉత్తుత్తి మాత్రనూ ఒకేలా తయారు చేసి రోగికి తెలియకుండా ఉంచగలం. చాక్లెట్ విషయంలో నాలుకను మోసం చేయడం కష్టం.

2007లో జర్మనీలో టౌబర్ట్ బృందం చేసిన ప్రయోగం నాకు ఇంతకన్నా ఇష్టం, ఎందుకంటే అది మోతాదును మనిషి తినదగినంతకు దించింది. రక్తపోటు కాస్త ఎక్కువగా ఉన్న 44 మందిలో సగం మందికి 18 వారాలపాటు రోజుకు 6.3 గ్రాముల డార్క్ చాక్లెట్, అంటే ఒక చిన్న ముక్క, 30 కిలోక్యాలరీలు మాత్రమే ఇచ్చారు, మిగతావారికి వైట్ చాక్లెట్ ఇచ్చారు. డార్క్ చాక్లెట్ తిన్నవారిలో పై రక్తపోటు సగటున 2.9, కింది రక్తపోటు 1.9 పాయింట్లు తగ్గింది, బరువు మారలేదు. ఇటువంటి 35 ప్రయోగాలను, వైద్య పరిశోధనలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ 2017లో ఒకచోట చేర్చి లెక్క కట్టినప్పుడు సగటు తగ్గుదల రెండు పాయింట్లకు కొంచెం లోపలే, 1.8 దగ్గర నిలిచింది. ప్రభావం నిజం, పరిమాణం చిన్నది. రక్తపోటు మాత్ర మానేయడానికి ఇది సాకు కాదు. ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది, అలా మానేసి వచ్చినవారిని నేను చూశాను.

ఇక్కడ పనామా తీరంలోని సాన్ బ్లాస్ దీవుల కూనా ప్రజల ప్రస్తావన రాకుండా ఏ చాక్లెట్ ప్రసంగమూ ముగియదు కాబట్టి నేనూ చెబుతాను. హార్వర్డ్‌కు చెందిన నార్మన్ హోలెన్‌బర్గ్ ఆ దీవుల్లో వయసుతోపాటు రక్తపోటు పెరగకపోవడాన్ని గమనించారు. అదే జాతి వారు పనామా నగరానికి వలస వెళ్లాక వారి రక్తపోటు పెరుగుతోంది. దీవుల్లో వారు పెద్దగా శుద్ధి చేయని కోకోను పానీయంగా విరివిగా తాగుతారు, నగరంలో ఆ అలవాటు తగ్గుతుంది. కోకో ఫ్లావనాల్స్ మీద ఆధునిక ఆసక్తి చాలావరకు ఇక్కడే రాజుకుంది. మంచి ఆధారం, కానీ దీవి వదిలి నగరానికి వెళ్లిన మనిషికి మారేది కోకో ఒక్కటేనా? చేపలు, పండ్లు, శారీరక శ్రమ, నిద్ర, మనశ్శాంతి, అన్నీ మారతాయి. పైగా వారు తాగేది మన చేతిలోని బిళ్ల కాదు.

ఇప్పుడు పెద్ద సంఖ్యల దగ్గరికి వద్దాం. 2024 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హార్వర్డ్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం గురించి మీలో చాలామంది వినే ఉంటారు. అమెరికాలోని నర్సులు, ఇతర ఆరోగ్య వృత్తుల వారు మొత్తం 1,92,208 మందిని దశాబ్దాలపాటు గమనించారు, వారిలో 18,862 మందికి టైప్ 2 మధుమేహం వచ్చింది. వారానికి ఐదు లేదా అంతకంటే ఎక్కువసార్లు డార్క్ చాక్లెట్ తిన్నవారిలో, అసలు తినని లేదా అరుదుగా తినేవారితో పోలిస్తే, మధుమేహం 21 శాతం తక్కువగా కనిపించింది. మిల్క్ చాక్లెట్‌తో ఆ లాభం కనిపించలేదు, పైపెచ్చు మిల్క్ చాక్లెట్ వాడకం పెరిగినవారిలో కాలక్రమేణా బరువు పెరిగింది. ఒకే అధ్యయనంలో, ఒకే మనుషుల్లో, రెండు రకాల చాక్లెట్లు రెండు దారులు పట్టడమే దీనిలో నాకు అత్యంత విలువైన అంశం.

కానీ 21 శాతం అన్న అంకెను పట్టుకుని పరుగెత్తే ముందు ఒక్క క్షణం ఆగండి. ఇది గమనించిన అధ్యయనమే గాని చేయించిన ప్రయోగం కాదు. చేదు చాక్లెట్ ఇష్టపడేవారు ఇంకా ఏమేం ఇష్టపడతారు? వారు సాధారణంగా తీపి తక్కువ తినేవారు, తాము తినేదాని గురించి ఆలోచించేవారు అయి ఉండే అవకాశం ఎక్కువ. పరిశోధకులు ఇటువంటి తేడాలను గణితంతో సరిచేశారు, బాగానే చేశారు, అయినా గణితం కొలిచిన తేడాలనే సరిచేయగలదు.

దీనికన్నా సూక్ష్మమైన చిక్కు ఇంకొకటి ఉంది, నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నింటికన్నా ముఖ్యమైనది అదే. ఎవరికైనా బరువు పెరిగిందనో, చక్కెర ఎక్కువగా ఉందనో వైద్యుడు చెప్పగానే వారు మొదట మానేసేది ఏమిటి? తీపి, చాక్లెట్. ఆ తర్వాత పరిశోధకుడు ప్రశ్నపత్రం పట్టుకుని వెళితే, చాక్లెట్ తినని వారి గుంపులో జబ్బు మనుషులు, తినేవారి గుంపులో ఆరోగ్యవంతులు కనిపిస్తారు. జబ్బు వల్ల చాక్లెట్ తగ్గింది, కాగితం మీద మాత్రం చాక్లెట్ వల్ల జబ్బు తగ్గినట్టు అచ్చవుతుంది. 2012లో అమెరికాలో వెయ్యి మందికి పైగా పెద్దలను పరిశీలించి, తరచుగా చాక్లెట్ తినేవారి శరీర బరువు సూచిక తక్కువగా ఉందని ఒక నివేదిక వచ్చింది, పత్రికలు సంబరం చేసుకున్నాయి. మరుసటి సంవత్సరమే గ్రీన్‌బర్గ్, బౌసే అనే ఇద్దరు, ఒక పెద్ద అమెరికన్ అధ్యయనం సమాచారాన్ని ఏళ్ల వెంట నడిపించి చూశారు. ఒక్క రోజు తీసిన చిత్రంలో చాక్లెట్ తినేవారు సన్నగానే ఉన్నారు. కాలం వెంట నడిచి చూస్తే, ఎంత తరచుగా తింటే అంత ఎక్కువగా బరువు పెరుగుతున్నారు. స్థూలకాయంతో వచ్చే జబ్బులున్నవారు చాక్లెట్ తగ్గించుకోవడమే ఆ మొదటి చిత్రం తలకిందులు కావడానికి కారణమని వారు చూపారు.

ఒక పిట్టకథ చెప్పి ముందుకు వెళతాను. 2012లో ఫ్రాంజ్ మెసెర్లీ అనే హృద్రోగ నిపుణుడు 23 దేశాల చాక్లెట్ వాడకాన్నీ, జనాభాను బట్టి ఆ దేశాలకు వచ్చిన నోబెల్ బహుమతులనూ పక్కపక్కన పెట్టి, రెండింటి మధ్య 0.79 సహసంబంధం (పూర్తి సంబంధమైతే 1) ఉందని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో కొంటెగా ఒక వ్యాసం రాశారు. జీవశాస్త్రంలో అంత గట్టి సంబంధం దొరకడమే అరుదు. చాక్లెట్ తింటే నోబెల్ వస్తుందని ఎవరూ నమ్మరు గాని, చాక్లెట్ తింటే సన్నబడతారంటే వెంటనే నమ్ముతాం. 2015లో జాన్ బొహానన్ అనే పాత్రికేయుడు ఈ బలహీనత మీదనే వల వేశాడు. పదహారు మందిని మూడు గుంపులుగా చేసి, ఒక గుంపుకు చాక్లెట్ పెట్టి, ఒక్కొక్కరిలో 18 అంశాలు కొలిచాడు. పద్దెనిమిది కొలతల్లో కనీసం ఒకటి కేవలం అదృష్టం కొద్దీ 'గణనీయం'గా తేలే అవకాశం 60 శాతం ఉంటుంది. తేలింది, చాక్లెట్ బరువు తగ్గడాన్ని వేగవంతం చేస్తుందని. డబ్బు తీసుకుని అచ్చువేసే ఒక జర్నల్ దాన్ని ప్రచురించింది, అనేక దేశాల పత్రికలు ఎత్తుకున్నాయి, ఆ తర్వాత అతనే అసలు సంగతి బయటపెట్టాడు. సవరణ చదివినవారి సంఖ్య వార్త చదివినవారి సంఖ్యలో ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి.

మరి ఈ చిక్కులన్నింటికీ విరుగుడు పెద్ద ప్రయోగం. అది కూడా జరిగింది. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి కేంద్రంగా నడిచిన కాస్మాస్ ప్రయోగంలో 21,442 మంది పెద్దలు, 60 దాటిన పురుషులు, 65 దాటిన స్త్రీలు, పాల్గొన్నారు. లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరికి రోజుకు 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్, అందులో 80 మిల్లీగ్రాముల ఎపికాటెచిన్, ఉన్న గుళికలు, మిగతావారికి ఉత్తుత్తి గుళికలు మూడున్నరేళ్లకు పైగా ఇచ్చారు. గుళిక కాబట్టి నాలుకకు ఏమీ తెలియదు, చక్కెర లేదు, కొవ్వు లేదు. 2022లో ఫలితాలు వచ్చాయి. గుండె, రక్తనాళాలకు సంబంధించిన సంఘటనలన్నీ కలిపి చూస్తే పదో వంతు తగ్గినట్టు కనిపించింది గాని, అది యాదృచ్ఛికం కావచ్చుననే అనుమానాన్ని దాటలేకపోయింది. ఆ జబ్బులతో మరణాలు 27 శాతం తగ్గాయి. ఇది ఆశ కలిగించే ఫలితమే అయినా, ముందుగా ప్రధాన లక్ష్యంగా పెట్టుకున్నది ఇది కాదు గనుక పరిశోధకులే దీని గురించి ఆచితూచి మాట్లాడారు. ఇక మన అంశానికి నేరుగా తగిలే ఫలితం 2023లో వచ్చింది. మధుమేహం లేకుండా ప్రయోగంలో చేరినవారిలో, కోకో గుళిక తిన్నవారికీ తిననివారికీ కొత్తగా మధుమేహం రావడంలో తేడా లేదు.

ఈ ప్రయోగానికి నిధుల్లో కొంత భాగమూ, గుళికలూ చాక్లెట్ తయారీదారైన మార్స్ సంస్థ విభాగం నుంచి వచ్చాయి. ఈ రంగంలో పరిశ్రమ సొమ్ము తగలని పరిశోధన తక్కువ, ఆ సంగతి గుర్తుపెట్టుకునే ఫలితాలు చదవాలి. అయితే సొమ్మిచ్చినవారికి నచ్చని ఫలితాన్ని కూడా దాచకుండా ప్రచురించిన ప్రయోగం కనుకనే దీని మీద నాకు గౌరవం.

ప్రభుత్వ సంస్థలు కూడా ఈ రెండు ఖాతాల తేడాను గుర్తించాయి. రోజుకు 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్ రక్తనాళాల సాగే గుణానికి తోడ్పడతాయనే మాటను ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2012లో అంగీకరించింది, కానీ ఆ మోతాదు ఫ్లావనాల్స్ కోసం ప్రత్యేకంగా తయారైన కోకో నుంచి రావాలి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2023 ఫిబ్రవరిలో, కనీసం 4 శాతం ఫ్లావనాల్స్ ఉన్న కోకో పొడికి మాత్రమే, అదీ ఆధారం చాలా పరిమితమని స్పష్టంగా రాసే షరతు మీద అనుమతి ఇచ్చింది. మామూలు కోకో పొడికి గాని, చాక్లెట్‌కు గాని ఈ మాట వర్తించదని విడమరచి చెప్పింది. ఆ చివరి వాక్యం వార్తల్లో దాదాపు ఎక్కడా కనపడలేదు.

చాక్లెట్‌లోని మిగతా పదార్థాల గురించి కొంచెం చెప్పాలి. కోకో వెన్నకు మరీ చెడ్డ పేరు అక్కరలేదు. దానిలో స్టియరిక్, ఓలెయిక్ ఆమ్లాలు ఇంచుమించు మూడో వంతు చొప్పున, పామిటిక్ ఆమ్లం దాదాపు పావు వంతు ఉంటాయి. స్టియరిక్ ఆమ్లం సంతృప్త కొవ్వే అయినా చెడు కొలెస్ట్రాల్‌ను దాదాపు పెంచదు. పామిటిక్ పెంచుతుంది. మిల్క్ చాక్లెట్‌లో వంద గ్రాములకు చక్కెర సగానికి పైనే, పైగా పాల కొవ్వు. ఇక చాక్లెట్ గ్లైసెమిక్ సూచిక, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే కొలత, తక్కువ కాబట్టి మధుమేహులకు ఫర్వాలేదనే వాదన తరచూ వింటాను. సూచిక తక్కువన్నది నిజమే. దానికి కారణం కోకో మహిమ కాదు, కొవ్వు. కొవ్వు కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తుంది, చక్కెర రక్తంలోకి నిదానంగా దిగుతుంది. దిగాల్సింది మాత్రం దిగుతుంది. 'షుగర్ ఫ్రీ' అని రాసి ఉండే చాక్లెట్లలో సాధారణంగా మాల్టిటాల్ అనే చక్కెర ప్రత్యామ్నాయం ఉంటుంది. దానికీ క్యాలరీలున్నాయి, చక్కెర కన్నా తక్కువైనా గ్లూకోజును కూడా పెంచుతుంది, ఎక్కువ తింటే విరేచనాలవుతాయి. కొవ్వు సంగతి షుగర్ ఫ్రీ అన్న మాటలో ఎక్కడా లేదని గమనించండి.

కోకో వాటా పెరిగే కొద్దీ పెరిగేవి మంచివి మాత్రమే కాదు. మొక్క నేలలోంచి కాడ్మియం అనే హానికరమైన లోహాన్ని పీల్చుకుంటుంది, గింజలు ఎండబెట్టేటప్పుడు దుమ్ముతో సీసం అంటుకుంటుంది. 2022 డిసెంబరులో అమెరికా వినియోగదారుల సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ పరీక్షించిన 28 డార్క్ చాక్లెట్లలో 23, రోజుకు ఒక ఔన్సు, అంటే దాదాపు 28 గ్రాములు, తిన్నా చాలు, ఆ సంస్థ ఆధారంగా తీసుకున్న కఠినమైన పరిమితిని ఈ రెండు లోహాల్లో కనీసం ఒకదానిలో దాటిస్తాయని తేలింది. ఐరోపా సమాఖ్య 2019 నుంచి చాక్లెట్‌లో కాడ్మియంకు పరిమితులు పెట్టింది. భయపడి మానేయమనడం లేదు. రోజూ మందులా, ఒకే రకం, పెద్ద మోతాదులో తినడానికి మాత్రం ఇది అడ్డు చెబుతోంది.

నా దగ్గరికి వచ్చిన ఆయనకు ఏం చెప్పానని మీరు అడగవచ్చు. మానేయమనలేదు. ఇష్టమైతే ఒక పలక, పది గ్రాములు, తినండి, రుచి కోసం తినండి, మందని అనుకోకండి, దాని బదులు ఏ తీపి మానేస్తారో ఇప్పుడే చెప్పండి అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, సాయంత్రం టీలో వేసుకునే రెండు చెంచాల చక్కెర మానేస్తానన్నారు. చాక్లెట్ వల్ల ఏమి జరుగుతుందన్నది చాలావరకు అది దేని స్థానంలో వచ్చిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. తీపి పానీయం స్థానంలో వస్తే ఒకటి, భోజనం పైన వస్తే ఇంకొకటి.

సభలోంచి ప్రశ్నల చీటీలు రెండు వచ్చాయి. మొదటిది, చాక్లెట్ ఉదయం తినాలా, రాత్రి తినాలా అని. 2021లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగంలో, ముట్లుడిగిన 19 మంది స్త్రీలు రెండు వారాలు ఉదయం, రెండు వారాలు రాత్రి, రోజుకు 100 గ్రాముల మిల్క్ చాక్లెట్ తిన్నారు. అంత తిన్నా చెప్పుకోదగ్గ బరువు పెరగలేదు, మిగతా తిండి కొంత తగ్గించుకున్నారు కాబట్టి. ఉదయం తిన్నప్పుడు పరగడుపు గ్లూకోజు కొంచెం తగ్గింది. పంతొమ్మిది మంది, రెండు వారాలు. దీని మీద ఆధారపడి నేను వేళ చెప్పను. ఒక మాట మాత్రం అనుభవంతో చెబుతాను, నిద్ర సరిగా పట్టనివారు రాత్రి డార్క్ చాక్లెట్ తినకపోతేనే మేలు. అందులో ఉత్తేజం కలిగించే కెఫీన్, థియోబ్రోమిన్ రెండూ ఉంటాయి.

రెండో చీటీ. 'నేను ఇన్సులిన్ వాడుతున్నాను, చక్కెర పడిపోతే తినడానికి ఎప్పుడూ జేబులో చాక్లెట్ పెట్టుకుంటాను, సరేనా?' సరి కాదు. ఇందాక చెప్పిన కొవ్వే ఇక్కడ ప్రమాదం. చెమటలు పట్టి, చేతులు వణుకుతున్నప్పుడు చక్కెర నిమిషాల్లో రక్తంలోకి చేరాలి, చాక్లెట్‌లోని కొవ్వు దాన్ని ఆపుతుంది. గ్లూకోజు బిళ్లలు గాని పొడి గాని, 15 గ్రాములు, జేబులో ఉంచుకోండి. అవి తిన్నాక పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించుకోండి. చీటీ మీద పేరు లేదు. రాసినవారు ఎవరైనా సరే, వెళ్లిపోయే ముందు దయచేసి నన్ను ఒకసారి కలవండి, మీకు చక్కెర వారానికి ఎన్నిసార్లు పడిపోతోందో నాకు తెలియాలి.